అయిదు దిర్హాముల టికెట్టు

పోయిన మంగళవారం వెనక తలుపు నుంచి వచ్చిన
భుజాన గ్యాసు సిలిండరు, చేతిల మీటరు.
ఈ శుక్రవారం ముందు తలుపు.
అయిదు దిర్హాములు కౌంటరు మీద పెడితే
నేపాలీ పిల్ల ధనమాయ లేచి నిలబడ్డది,
"మళ్లీ చెడిపోయిందా మిషను?"
లేదమ్మా, చూద్దామని వచ్చిన.
చూద్దామనా, అన్నట్టు
ఆమె పెన్ను కాసేపు గాలిలనే ఆగింది.

ధైద్ దాటినంక, ఇసుక అయిపోయి
రాళ్లగుట్టలు మొదలయ్యే కాడ మూడు గదుల మ్యూజియం.
మూడు ఏసీలు. వాటి దగ్గులు నాకు ఎరుకే.
రెండో గదిది ఇంకా కీచుమంటున్నది.
బెల్టు కాదు సారూ, బుష్షు అని చెప్పిన,
వినలేదు.

ఆ కీచు కిందనే, అద్దాల పెట్టెల
ఎర్ర పూసలు పదకొండు.
గురిగింజ కన్న పెద్దయి, చింతగింజ కన్న చిన్నయి.
అట్ట మీద అరబ్బీ నాకు ఎక్కదు,
ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుంటే
"ఇండియా" అని ఒక మాట దొరికింది.
నాలుగువేల ఏండ్ల కింద ఓడెక్కి వచ్చినయట.
ఏ ఏజెంటుకు ఎంత కట్టినయో,
దిగంగనే పాసుపోర్టు ఎవడు గుంజుకున్నడో
ఆ సంగతి రాయలేదు.
మెడ మన్నైపోయింది, దారం మన్నైపోయింది,
బెజ్జం మాత్రం అట్లనే ఉన్నది.
మా అమ్మ బీడీలకు కట్టే దారం
సరిగ్గ పడుతదందుల.

వాటికి ఇరవై రెండు డిగ్రీలు. పెట్టింది నేనే.
మా కాంపుల ఎంతుంటదో ఇక్కడెందుకు గాని.

మూల మీద ఒక కుండ.
దాన్ని ఎవ్వరూ చూడరు,
పిల్లల బస్సు వచ్చినా కత్తి కాడికే ఉరుకుతరు.
కడుపు మీద పగులు, పగులు పొడుగునా నల్లగ తారు.
తవ్వినోళ్లు అతికింది కాదు,
ఆ కాలపోడే, వాడుకునేటోడే అతికిండు.
వంగి చూసిన. తొందర పడలేదు మనిషి.
లోపల దట్టంగ పూసి, బయట వేలితో తుడిచిండు,
తుడిచిన వేలి గీత ఇంకా ఉన్నది.
అంచు కాడ ఒక్క బొట్టు కారింది, అదొక్కటి తప్పు.
నేనైతే ఆ ఒక్క బొట్టు గూడ...
ఏమో, నాకు గూడ కారేదేమో.
పేరు రాయలేదు. మా పేర్లు ఎవరు రాస్తరు,
సర్వీసు బుక్కుల తారీఖు రాస్తరు.

వెనక ఎడారి తోట.
గులకరాళ్ల బాట, నల్ల డ్రిప్పు పైపులు,
చెట్టుకొక రేకు, రేకు మీద పేరు.
జిల్లేడుకు గూడ నేంప్లేటు!
మా దిక్కు బర్లు సుత ముట్టయి దాన్ని.
రేగు చెట్టుకు వేరే పేరు, చేదుపుచ్చకు వేరే పేరు.
లోపల ఒక్క మాట దొరకనోనికి
ఇక్కడ అన్నీ సుట్టాలే.

చివరికి ఒక పెద్ద చెట్టు. రేకు మీద "గాఫ్".
ముల్లు చూసిన, ఆకు చూసిన,
కొమ్మ వంగిన తీరు చూసి
తలకున్న టోపీ తీసిన.
జమ్మి.

దీనికి పైపు లేదేంది, అని అడిగిన తోటమాలిని.
రుస్తం అలీ, సిల్హెట్ మనిషి, చీపురు ఆపి,
"ఇది మ్యూజియం కన్న ముందటిది.
గోడ దీనికోసమే వంకరగ కట్టిన్రు.
నీళ్లు దాని తిప్పలు అదే పడుతది" అన్నడు.
తెంపొద్దని బోర్డున్నది.
రాయి మీద రాలిన రెబ్బ ఒకటి ఏరి
ఆయన చేతిల పెట్టి, "బంగారం" అన్న.
దసర లేదు, పాలపిట్ట లేదు, నలభై ఆరు డిగ్రీల ఎండ.
వాసన చూసిండు. అటూ ఇటూ చూసిండు.
మేక లెక్క నోట్లె వేసుకొని నమిలిండు.
"అరబ్బులు గూడ తింటరు భాయ్, ఉల్లిగడ్డతోటి."
నాకు నవ్వాగలేదు. ఆయనకు ఎందుకో తెల్వక
ఆయన గూడ నవ్విండు.

బయటికొచ్చేటప్పుడు మళ్లీ రెండో గది.
కీచు, కీచు, ఎర్ర పూసల మీద.
"ఎట్లుంది?" అన్నది ధనమాయ.
బాగుంది, అన్న.
బుష్షు మార్చుమని రాసుకో తల్లీ,
ఈసారన్న రాసుకో.